దీనబంధు ఆండ్రూస్ – ఫిజీ దీవుల్లో మన కూలీల లైన్ల దాకా నడిచిన మనిషి



ప్రతి ఏటా ఏప్రిల్ 5న మన హాస్టల్లో బాబు జగ్జీవన్ రామ్ గారి జయంతి జరుపుకుంటాం. తెల్లవారకముందే హాలు ఊడ్చి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఫోటోకు దండ వేస్తాం. ఆ తర్వాత తొమ్మిది రోజులకే అంబేద్కర్ గారి జయంతి. మేము ఇక్కడ చదివిన రోజుల్లోనూ ఇదే వరుస. అయితే అదే ఏప్రిల్ 5న, 1940లో, కలకత్తాలో ఇంకొక గొప్ప మనిషి కన్నుమూశారని మాకు చాలా కాలం తెలియదు. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. ఊరు ఇంగ్లండు. చదువుకున్నది మత గురువు కావడానికి. కానీ జీవితమంతా గడిపింది మన దేశపు కూలీల మధ్య. ప్రజలు ఆయనను దీనబంధు అని పిలుచుకున్నారు. గాంధీ సినిమా చూసినవారికి అందులో గాంధీ గారి పక్కన రైలు పైకప్పు ఎక్కే తెల్లదొర గుర్తుండే ఉంటాడు. ఆయనే ఈయన.

ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేమందరం కూర్చుని ఆలోచించాం. మన హాస్టల్‌కు అతిథులు వస్తుంటారు. క్రిస్మస్ ముందర చర్చి వాళ్లు వచ్చి పండ్లు, దుప్పట్లు పంచేవారు. పండుగలకు పెద్దలు వచ్చి పెన్నులు, నోటు పుస్తకాలు ఇచ్చేవారు. వాళ్లను మేము తక్కువ చేసి మాట్లాడం. ఆ దుప్పట్లు కప్పుకునే మేము చలికాలాలు గడిపాం. కానీ వచ్చిన అతిథి ఏం చూడాలి, చూసి వెళ్లిన తర్వాత ఏం చేయాలి అనే ప్రశ్న మాత్రం మా మనసులో ఉండిపోయింది. రేపు మీరు ఉద్యోగాలు చేసి ఇంకొక హాస్టల్‌కు అతిథులుగా వెళ్తారు. అప్పుడు మీకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. దానికి జవాబు మాకు ఆండ్రూస్ గారి ఫిజీ ప్రయాణంలో దొరికింది. అందుకే ఆయన జీవితం రాస్తున్నాం.

బాల్యం, చదువు

ఆండ్రూస్ గారు 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాజిల్ పట్టణంలో పుట్టారు. తర్వాత కుటుంబం బర్మింగ్‌హామ్‌కు మారింది. ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో పెద్ద. ఇల్లు మొదట్లో బాగానే నడిచింది. నమ్మిన స్నేహితుడు ఒకడు కుటుంబపు డబ్బును ముంచేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఇబ్బందులు మొదలయ్యాయి. ఆ రాత్రి తండ్రి పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేస్తూ, మోసం చేసిన ఆ స్నేహితుని క్షేమం కోసం వేడుకున్నాడట. ఆ సంగతి ఆండ్రూస్ గారు జీవితాంతం మరిచిపోలేదు.

ఇంట్లో లేమి ఉన్నా చదువు ఆగలేదు. బర్మింగ్‌హామ్‌లోని కింగ్ ఎడ్వర్డ్స్ స్కూల్లో చదివి, స్కాలర్‌షిప్ సంపాదించి 1890లో కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కాలేజీలో చేరారు. స్కాలర్‌షిప్ విలువ ఏమిటో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. చదువు అయ్యాక లండన్ దక్షిణాన వాల్‌వర్త్ అనే పేదల పేటలో మత సేవకునిగా పనిచేశారు. రోజు కూలీ దొరికితే తిండి, లేకపోతే పస్తు అన్నట్టు బతికే మనుషులను అక్కడే మొదటిసారి దగ్గరగా చూశారు. ఇంగ్లండులోనూ మన వాడల వంటి వాడలు ఉండేవని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఢిల్లీకి రాక

1904 మార్చి 20న ఆయన భారతదేశం చేరుకున్నారు. ఆ తేదీని తన రెండవ పుట్టినరోజుగా భావించేవారు. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో అధ్యాపకులయ్యారు. 1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. అప్పటిదాకా ఆ కుర్చీలో తెల్లవాళ్లే కూర్చున్నారు. ఆండ్రూస్ గారు అడిగితే ఆయనకే వచ్చేది. కానీ ఆయన తనకన్నా ఎక్కువ కాలం అక్కడ పనిచేసిన సుశీల్ కుమార్ రుద్ర గారికే ఇవ్వాలని గట్టిగా పట్టుబట్టారు. ఆ విధంగా రుద్ర గారు ఆ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. తనకు రావలసిన కుర్చీని న్యాయంగా చెందవలసిన వానికి వదిలిపెట్టడం ఎంత కష్టమో, ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులకు తెలుసు.

1912లో లండన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ గారితో పరిచయమైంది. 1914 జనవరిలో గోఖలే గారి కోరిక మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. తోడుగా విలియం పియర్సన్ అనే మిత్రుడు వెళ్లారు. డర్బన్ ఓడరేవులో గాంధీ గారు ఎదురుగా రాగానే ఆండ్రూస్ గారు వంగి ఆయన పాదాలు తాకారు. ఒక తెల్లవాడు ఒక భారతీయుని కాళ్లు ముట్టుకోవడమా అని అక్కడి తెల్లవాళ్లు మండిపడ్డారు. ఆ నెలలోనే ఇంగ్లండులో ఆయన తల్లి చనిపోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు.

దక్షిణాఫ్రికాలోనే ఇంకొక సంఘటన జరిగింది. చెరకు ఎస్టేటు నుంచి పారిపోయి వచ్చిన ఒక దక్షిణాది కూలీ గాంధీ గారి ఆశ్రయం కోరాడు. వీపు మీద దెబ్బల వాతలు తేలి ఉన్నాయి. ఆండ్రూస్ గారు దగ్గరికి వెళ్లబోతే, ఈ తెల్లాయన కూడా కొడతాడేమో అని ఆ కూలీ భయంతో ముడుచుకుపోయాడు. తన ముఖం చూసి ఒక మనిషి అట్లా వణికిపోవడం ఆండ్రూస్ గారి గుండెలో ముల్లులా దిగింది. తిరిగి వచ్చాక మిషన్ ఉద్యోగం వదిలి శాంతినికేతన్‌లో ఠాగూర్ గారి దగ్గర చేరారు. 1915 వేసవిలో కలరా సోకి చావు అంచు దాకా వెళ్లి బతికారు. సిమ్లాలో కోలుకుంటున్న రోజుల్లో ఆ కూలీ ముఖమే మళ్లీ మళ్లీ కళ్ల ముందు మెదిలింది. మంచం దిగగానే ఫిజీకి పోవాలని నిశ్చయించుకున్నారు.

గిర్మిట్ అంటే ఏమిటి?

ఫిజీ ఎక్కడ ఉందో తమ్ముళ్లు అట్లాసు తీసి చూడండి. ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రం మధ్యలో మూడు వందలకు పైగా దీవుల గుంపు అది. పెద్దవి రెండు, విటి లెవు, వనువా లెవు. రాజధాని సువా. 1874లో ఆ దీవులు ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చాయి. అక్కడి స్థానిక ప్రజలను తోటల్లో పనికి పెట్టవద్దని గవర్నరు నిర్ణయించాడు. మరి చెరకు తోటల్లో పని ఎవరు చేయాలి? భారతదేశం నుంచి కూలీలను తెచ్చారు. 1879 మే 14న లియోనిడాస్ అనే మొదటి ఓడ ఫిజీ చేరింది. చివరి ఓడ సట్లెజ్ 1916 నవంబరులో వచ్చింది. ఆ 37 ఏళ్లలో అరవై వేల మందికి పైగా అక్కడికి వెళ్లారు.

మొదట ఓడలన్నీ కలకత్తా నుంచే కదిలేవి. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా బయలుదేరాయి. ఆ ఓడల్లో సుమారు పదిహేను వేల మంది దక్షిణాది వాళ్లు ఎక్కారు. వాళ్లలో తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. మన రేగొండ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి ఇక్కడి నుంచి ఎవరో వెళ్లారని మేము చెప్పడం లేదు. కానీ వెళ్లినవాళ్లది మన భాష, మన బువ్వ, మన బతుకు.

పత్రం మీద ఐదేళ్ల ఒప్పందం ఉండేది. అగ్రిమెంటు అనే ఇంగ్లీషు మాట కూలీల నోట గిర్మిట్ అయింది. ఆ ఒప్పందం మీద వెళ్లినవాళ్లు గిర్మిటియాలు అయ్యారు. మగవారికి రోజు పనికి ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు అని రాసి ఉండేది. అయితే ఆ రోజు పని ఎంత అన్నది ఓవర్సీరు చేతిలో ఉండేది. చెప్పినంత పని పూర్తి కాకపోతే కూలీ దక్కదు. పనికి రాకపోతే అది నేరం. కోర్టుకు పిలిచి జరిమానా వేసేవారు, జైలుకు పంపేవారు. మన ఊళ్లల్లో కూలికి పోనివాని కూలి పోతుంది. అక్కడ మనిషే జైలుకు పోయేవాడు.

ఉండటానికి లైన్లు అని వరుస గదులు ఉండేవి. గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా పిల్లలతో ఒక కుటుంబం. వంట కూడా అందులోనే. మన హాస్టల్ గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకుని ఒకరి కాళ్ల దగ్గర ఒకరం తలపెట్టి పడుకున్న రోజులు గుర్తు చేసుకుంటే, ఆ గది ఎట్లా ఉండేదో మనకు కొంచెం ఊహకు వస్తుంది. తేడా ఏమిటంటే మనం చదువు కోసం వచ్చాం, దసరాకు ఇంటికి పోతాం. వాళ్లకు ఐదేళ్లు నిండినా సొంత ఖర్చు మీద తిరిగి రావాలి. ఉచితంగా రావాలంటే పదేళ్లు ఆగాలి. చాలామంది ఇక రానేలేదు.

వంద మంది మగవారికి నలభై మంది ఆడవారు అన్నది నియమం. దాని వల్ల ఆడవారి బతుకు ఎంత దుర్భరమై ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. భారతీయ కూలీలు వెళ్లిన దేశాలన్నింటిలో ఆత్మహత్యలు ఎక్కువగా జరిగింది ఫిజీలోనే. కూలీలు ఆ బతుకును నరకం అనే పిలిచేవారు. దక్షిణాది వాళ్లకు ఇంకొక కష్టం ఉండేది. తోటల్లో అంతా హిందీ. తెలుగు మాట్లాడేవాడు పక్కన లేకపోతే కష్టం చెప్పుకోవడానికి కూడా తోడు ఉండదు.

మొదట గొంతెత్తింది ఎవరు?

ఆండ్రూస్ గారు వెళ్లేదాకా కూలీలు నోరు మూసుకుని ఉన్నారని అనుకోకూడదు. మేము కూడా మొదట్లో అట్లాగే అనుకున్నాం. నిజం వేరు. తోతారాం సనాఢ్య అనే గిర్మిటియా ఫిజీలో 21 ఏళ్లు ఉండి 1914లో తిరిగి వచ్చి, తాను చూసినదంతా హిందీలో పుస్తకంగా తెచ్చాడు. అది ఉత్తరాదిలో ఇంటింటా చదివారు.

అంతకు ముందే కుంతి అనే యువతి కథ దేశాన్ని కదిలించింది. ఆమె గోరఖ్‌పూర్ ప్రాంతం నుంచి వెళ్లిన దళిత మహిళ, చమార్ కులస్థురాలు. అరటి తోటలో ఒంటరిగా పనికి పెట్టి ఓవర్సీరు మీద పడబోతే, ఆమె తప్పించుకుని నదిలోకి దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రవాడు ఆమెను కాపాడాడు. ఆమె ఊరుకోలేదు. తనకు జరిగినది చెప్పి రాయించి పంపితే కలకత్తాలోని భారత్ మిత్ర అనే హిందీ పత్రిక అచ్చు వేసింది. ఆ ఒక్క ఉత్తరం మీద ప్రభుత్వమే విచారణ జరపవలసి వచ్చింది. చదువులేని ఒక కూలీ తల్లి మాట సముద్రం దాటి వైస్రాయి బల్ల మీదికి వెళ్లింది. తమ్ముళ్లూ, మన హాస్టల్ గోడ మీద ఎందరో మహనీయుల బొమ్మలు ఉన్నాయి. కుంతి బొమ్మ ఎక్కడా దొరకదు. కానీ ఆమె పేరు మనం గుర్తు పెట్టుకోవాలి.

చర్చి వాళ్లలో కూడా కొందరు ముందే మేల్కొన్నారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన హన్నా డడ్లీ అనే మెథడిస్టు మహిళ 1897 నుంచే సువాలో కూలీల పిల్లలకు అక్షరాలు నేర్పింది. జాన్ బర్టన్ అనే మెథడిస్టు పాదిరి 1910లో అచ్చయిన తన పుస్తకంలో లైన్ల పరిస్థితిని దాచకుండా రాశాడు. 1912లో గోఖలే గారు ఈ కూలీ పద్ధతిని రద్దు చేయాలని కేంద్ర శాసన మండలిలో తీర్మానం పెట్టారు. ప్రభుత్వ సభ్యుల ఓట్లతో అది వీగిపోయింది. ఎవరైనా అక్కడికి వెళ్లి, స్వయంగా చూసి, లెక్కలతో సహా తెచ్చి ముందు పెట్టాలి. అటువంటి సమయంలో ఆండ్రూస్, పియర్సన్ గార్లు బయలుదేరారు.

ఆ ఇద్దరి ప్రయాణం

ఇద్దరూ చర్చి కుటుంబాలలో పెరిగినవాళ్లే. పియర్సన్ గారి తండ్రి కూడా పాదిరి. కానీ వీళ్లను ఏ చర్చీ పంపలేదు, ఏ ప్రభుత్వమూ పంపలేదు. అందువల్ల ఎవరికీ జవాబు చెప్పవలసిన పని లేకపోయింది. 1915 సెప్టెంబరులో బయలుదేరి, ఆస్ట్రేలియా మీదుగా నవంబరులో ఫిజీ చేరారు. దారిలో సిడ్నీలో చక్కెర కంపెనీ పెద్దలను కూడా కలిశారు. ఫిజీలో ఎక్కువ మిల్లులు ఆ కంపెనీవే.

ఫిజీలో సుమారు ఐదు వారాలు ఉన్నారు. ఎస్టేటు బంగ్లాలో కూర్చుని టీ తాగి, మేనేజరు చెప్పింది రాసుకుని రావచ్చు. అలా చేసేవాళ్లు ఆ రోజుల్లో ఎక్కువ. వీళ్లు మేనేజర్లను, ఓవర్సీర్లను, అధికారులను, పాదిరీలను అందరినీ కలిశారు. దాంతో ఆగకుండా లైన్ల దాకా నడిచారు. గదుల్లోకి తొంగి చూశారు. ఏ ఊరు, ఎవరు తెచ్చారు, ఏం చెప్పి తెచ్చారు, చేతికి ఎంత వస్తుంది అని కూలీలనే అడిగారు. ఉత్తరాది పల్లెల్లో ఫిజీ కలకత్తాకు అవతలే ఉందని చెప్పి ఓడ ఎక్కించిన సంగతులు బయటపడ్డాయి. సంతకం పెట్టిన కాగితంలో పనికి రాకపోతే జైలు అన్న మాట చాలామందికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

వెళ్లేటప్పుడు ఈ పద్ధతిలో ఏమేం మార్పులు చేస్తే బాగుపడుతుందో చూద్దామన్న ఆలోచన కూడా ఉండేది. చూసి వచ్చాక ఆ ఆలోచన పోయింది. గది రెండు అడుగులు పెంచినా, కూలీ రెండు పెన్నీలు పెంచినా ఇది బాగుపడేది కాదు, మొత్తంగా ఎత్తివేయాలి అని తేల్చారు. 1916 ఫిబ్రవరిలో రిపోర్టు సిద్ధమైంది. మోసపు భర్తీ, ఇరుకు లైన్లు, ఆడవారి కొరత, చెల్లని పెళ్లిళ్లు, ఆత్మహత్యలు, పిల్లలకు బడి లేకపోవడం, అన్నీ వరుసగా రాశారు.

1916 మార్చి 20న మదన్ మోహన్ మాలవ్య గారు శాసన మండలిలో రద్దు తీర్మానం పెట్టారు. సరిగ్గా పన్నెండేళ్ల కింద అదే తేదీన ఆండ్రూస్ గారు మన నేల మీద అడుగు పెట్టారు. వైస్రాయి హార్డింజి తీర్మానాన్ని ఒప్పుకున్నాడు. కూలీల కష్టం తీరినట్టేనని అందరూ సంతోషించారు.

మళ్లీ వెళ్లిన మనిషి

కానీ అసలు కథ అక్కడే ఉంది. ఒప్పుకున్నారే గాని వెంటనే ఆపలేదు. ఇంకో ఐదేళ్లు భర్తీ సాగుతుందన్న సంగతి తర్వాత తెలిసింది. రిపోర్టు ఇచ్చాం, మన పని అయిపోయింది అని ఆండ్రూస్ గారు ఊరుకుని ఉంటే ఈ రోజు మేము ఆయన గురించి రాసేవాళ్లం కాదు. ఆయన మళ్లీ ఊరూరా తిరిగారు, పత్రికలకు రాశారు. గాంధీ గారు, మాలవ్య గారు సభలు పెట్టారు. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు గారు 1917 జనవరిలో అలహాబాదు సభలో ఆ కూలీ ఆడవారి గురించి ఆవేశంగా మాట్లాడారు. మహిళలు బృందంగా వైస్రాయిని కలిశారు. చివరకు 1917 మార్చి 12న యుద్ధకాలపు చట్టం కింద కూలీల ఎగుమతి ఆగిపోయింది.

ఓడలు ఆగాయి. మరి అప్పటికే అక్కడ ఉన్నవాళ్ల సంగతి? వాళ్ల కోసం ఆండ్రూస్ గారు 1917లో రెండవసారి ఫిజీ వెళ్లారు. ఈసారి నెలల తరబడి ఉన్నారు. మిగిలిన ఒప్పందాలను కూడా రద్దు చేయాలని, బడులు, ఆసుపత్రులు పెట్టాలని కంపెనీతో, ప్రభుత్వంతో పోరాడారు. ఆస్ట్రేలియాలో చర్చి మహిళలను, మహిళా సంఘాలను కదిలించారు. ఆ సంఘాలు 1918లో ఫ్లోరెన్స్ గార్న్‌హామ్ అనే మిషనరీ మహిళను ఫిజీకి పంపి ఇంకొక రిపోర్టు తెప్పించాయి. ఆండ్రూస్ గారు చెప్పింది నిజమేనని అది కూడా తేల్చింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్ ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కూలీలు స్వేచ్ఛ పొందారు. దీనబంధు అన్న పేరు ఫిజీ కూలీల నోటి నుంచే వచ్చిందని చెబుతారు.

1936లో, అరవై అయిదేళ్ల వయసులో మూడవసారి కూడా వెళ్లారు. విడుదలైన కూలీలకు అప్పటికి భూమి కౌలు, ఓటు హక్కు సమస్యలు వచ్చాయి. వాటి గురించి మరుసటి ఏడు ఒక పుస్తకం తెచ్చారు. ఒక మనిషి ఒక సమస్య కోసం ఇరవై ఏళ్లు వదలకుండా తిరగడం మామూలు సంగతి కాదు.

ఆయన పొరపాటు

గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాసి ఊరుకోవడం మన సంచికల అలవాటు. మేము ఒక్క లోపం కూడా రాస్తాం. ఆండ్రూస్ గారి రిపోర్టులో లైన్లలోని ఆడవారి గురించి రాసిన మాటలు న్యాయంగా లేవని తర్వాతి చరిత్రకారులు చూపించారు. వందకు నలభై అన్న లెక్క కంపెనీలదీ ప్రభుత్వానిదీ. మీద పడింది ఓవర్సీర్లు. కానీ నీతి తప్పారన్న నింద మాత్రం ఆడవారి మీద పడింది. పగలంతా చెరకు కోసి, రాత్రి వంట వండి, పిల్లలను సాకి, దాచిన పెన్నీలతో ఇల్లు నిలబెట్టిన ఆ తల్లులను ఆయన పాదిరి కళ్లతో చూశారు. మంచి మనసుతో వచ్చిన అతిథి కూడా తప్పు చూడవచ్చు. అందుకే మన కథ మనమే రాసుకోవాలి.

అట్లా రాసుకున్నవాడు ఒకడు ఫిజీలోనే పుట్టాడు. ఆయన పేరు బ్రిజ్ లాల్. తాత గిర్మిటియా. తల్లిదండ్రులకు చదువు రాదు, చెరకు రైతులు. వనువా లెవు దీవిలోని పల్లెలో చదువు మొదలుపెట్టి ఆస్ట్రేలియాలో ప్రొఫెసర్ అయ్యారు. ఓడ ఎక్కేటప్పుడు ప్రతి కూలీకి ఒక పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీద గుర్తు. కలకత్తా నుంచి వెళ్లిన నలభై ఐదు వేల మంది పాసులను ఆయన ఒక్కొక్కటే చదివి చరిత్ర రాశారు. మన హాస్టల్ అడ్మిషన్ ఫారం గుర్తు తెచ్చుకోండి. అందులోనూ ఇవే గడులు, పుట్టుమచ్చలతో సహా. ఆడవారి మీద పడిన నింద తప్పని ఆ కాగితాలతోనే చూపించింది కూడా బ్రిజ్ లాల్ గారే. ఆయన 2021లో కన్నుమూశారు.

చివరి రోజులు

ఆండ్రూస్ గారు ఫిజీతోనే ఆగలేదు. 1919లో జలియన్‌వాలా బాగ్ ఘోరం తర్వాత పంజాబు వెళ్లారు. 1921లో అస్సాం తేయాకు తోటలు వదిలి వచ్చి చాంద్‌పూర్‌లో చిక్కుకున్న కూలీల మధ్య నిలబడ్డారు. కెన్యాలోని భారతీయుల కోసం తిరిగారు. గుడి దారుల్లో నడిచే హక్కు కోసం కేరళలో జరిగిన వైకోం సత్యాగ్రహాన్ని బలపరిచారు. ఎ.ఐ.టి.యు.సి. కార్మిక సంఘానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఖద్దరు ధోవతి కట్టేవారు. చేతిలో డబ్బు నిలిచేది కాదు. పెళ్లి చేసుకోలేదు. ఫిజీకి తోడుగా వచ్చిన పియర్సన్ గారు 1923లో ఇటలీలో రైలు నుంచి పడి చనిపోయారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తా ఆసుపత్రిలో ఆండ్రూస్ గారు కన్నుమూశారు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో సమాధి ఉంది. 1971లో శతజయంతికి మన దేశం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఫిజీలో మిగిలిన మనవాళ్లు ఏమయ్యారు? సాధు కుప్పుస్వామి అనే ఒకప్పటి గిర్మిట్ కూలీ 1926లో దక్షిణాది వాళ్ల కోసం సంగం స్థాపించారు. ఆ సంగం ఇరవైకి పైగా బడులు కట్టింది. 1941లో తెలుగువాళ్లు ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. చేతికి నాలుగు డబ్బులు రాగానే వాళ్లు మొదట కట్టింది బడి. 1987లో సైనిక కుట్రల వల్ల వేలాది భారతీయ కుటుంబాలు దీవులు వదిలి వెళ్లాయి. ఆ తర్వాత 36 ఏళ్లకు, 2023 మేలో, గిర్మిట్ దినాన్ని ఫిజీ ప్రభుత్వం మొదటిసారి సెలవు దినంగా పాటించింది. ఆ సందర్భంగానే అక్కడి మెథడిస్టు చర్చి గతంలో తన వాళ్లు చేసిన తప్పులకు భారతీయులను బహిరంగంగా క్షమాపణ కోరింది.

మనం నేర్చుకోవలసింది

మన తాతల కాలంలో దొర దగ్గర అప్పు తెచ్చి, ఆ అప్పు కింద కొడుకును జీతం పెట్టిన ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. వడ్డీ ఎంతో, అసలు ఎంతో కాగితంలో ఏముందో వాళ్లకు తెలియదు. బొటనవేలు ముద్ర ఒక్కటే తెలుసు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అయినా నేటికీ ఏజెంటు చూపిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టి గల్ఫుకు పోయి చిక్కుకున్నవాళ్ల సంగతులు వింటూనే ఉన్నాం. గిర్మిట్ పేరు మారింది, కాగితం మారలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, మేము కోరేది రెండే. మొదటిది, మీ ఇంట్లో ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా ముందు మీరు చదివి అమ్మానాన్నలకు చెప్పండి. ఈ హాస్టల్ బువ్వ తిని నేర్చుకున్న అక్షరానికి అది మొదటి పని. రెండవది, రేపు మీరు పెద్దవాళ్లై ఎక్కడికైనా అతిథిగా వెళ్తే, ఆఫీసు గదిలో టీ తాగి రావద్దు. పిల్లలు పడుకునే గది దాకా నడవండి. అడగండి. విన్నది రాసుకోండి. సంబంధిత అధికారికి చెప్పండి. ఆ పని అయ్యిందో లేదో చూడటానికి మళ్లీ వెళ్లండి. ఆండ్రూస్ గారు ఫిజీకి మూడుసార్లు వెళ్లారు. రేగొండకు మనం కనీసం రెండోసారైనా రాలేమా?

పూర్వ విద్యార్థులమైన మేము ఈ మాట ముందుగా మాకే చెప్పుకుంటున్నాం. వార్షికోత్సవానికి వచ్చి దండలు వేయించుకుని పోవడం కాదు, పరీక్షల ముందు ఒక ఆదివారం వచ్చి పదో తరగతి పిల్లలతో కూర్చుంటాం. వచ్చే ఏప్రిల్ 5న బాబు జగ్జీవన్ రామ్ గారి ఫోటో ముందు నిలబడినప్పుడు, అదే రోజున కన్నుమూసిన ఆ దీనబంధువును, ఆయన కంటే ముందే గొంతెత్తిన కుంతి తల్లిని కూడా ఒక్క నిమిషం తలుచుకుందాం.

జై భీమ్. అందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు.